రెప్ప అంచు దాకా

కారుకు పడిన సొట్ట చూసి దాన్ని ఏం గుద్దిందో చెప్పడంలో మేస్త్రిని మించినవాడు లేడు. కనీసం మేస్త్రి అభిప్రాయం అది. "ఇది కరెంటు స్తంభం. ఇది స్కూటరు హ్యాండిలు. ఇదుగో, ఇది మాత్రం ఎవడో కడుపుమంటతో తన్నిన తన్ను" అని వేలితో తడిమి చెప్పేస్తాడు. బండి యజమాని నోరెళ్ళబెడతాడు. సొట్టలు తీసి రంగులు వేసే ఆ షెడ్డు ఆయన సొంతం, దాని వెనకే కాపురం. అందరూ ఆయన్ని సుత్తి మేస్త్రి అంటారు. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉంటుందని కొందరు, నోరు విప్పితే ఆపడని మరికొందరు. రెండూ నిజమే. ఆయన చేతి గురించి ఇంకొక నిజం కూడా ఉంది. అది ఆయన భార్యకు ఒక్కదానికే తెలుసు, ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ రోజు పొద్దున మేస్త్రి చెల్లెలు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని షెడ్డు ముందు ఆటో దిగింది. వదిన ఎదురెళ్ళింది గానీ, అన్న ముందే చూశాడు.

"అద్దాలేంటే, సినిమా తారలా?"

"అన్నయ్యా, ముందు నేను చెప్పేది విను" అంటూ ఆమె అద్దాలు తీసింది.

రెండు కళ్ళూ వాచిపోయి సన్నటి గీతల్లా ఉన్నాయి. కింద చర్మం కమిలి కొంత ఎరుపు, కొంత ఊదా. రెప్పల మీద పొట్టు లేచి రసి కారుతోంది.

మేస్త్రి చేతిలో సుత్తిని బల్ల మీద పెట్టేశాడు. అది భార్య చూసింది. ఆయన సుత్తి దించితే కోపం చల్లారినట్టని పనివాళ్ళు అనుకుంటారు. చెయ్యి ఖాళీ చేసుకుంటున్నాడని ఆమెకు తెలుసు.

"వాడేనా?"

"ఆయన కాదన్నయ్యా, క్రీము! కంటి కింద ముడతలు పోతాయంటే రాసుకున్నాను. అది పడక..."

"క్రీమా!" మేస్త్రి పగలబడి నవ్వాడు. "నా దగ్గరా నీ కథలు?"

మొగుడు కొట్టిన ఆడది నిజం చెప్పదని ఆయనకు బాగా తెలుసు. బాత్రూం తలుపు తగిలిందంటుంది, మెట్ల మీద జారానంటుంది. అలాంటి కథలు ఆయనే ఎన్ని అల్లి, భార్య చేత ఇరుగుపొరుగుకు అప్పజెప్పించాడో! అంతటి అనుభవం ఉన్నవాడు క్రీము మాట నమ్ముతాడా?

"దీన్ని లోపల కూర్చోబెట్టు. బయటికొచ్చిందంటే నీ సంగతి చెప్తా" అని భార్యకు హుకుం వేసి, మోటారు సైకిలెక్కి దుమ్ము లేపుకుంటూ పోయాడు.

వదిన ఆడపడుచును వంటింట్లో సింకు దగ్గర కూర్చోబెట్టి, కాచి చల్లార్చిన నీళ్ళతో కళ్ళు కడిగింది. తుడవలేదు, మెత్తటి గుడ్డతో అద్దింది.

"ఏ క్రీమే అది?"

"నీ అలమరలో ఉంటుందే, రెటినాల్ ట్యూబు. అదే. నువ్వు కంటి కింద మచ్చకు రాసుకుంటావు కదా వదినా. పేరు చూసి కొనుక్కున్నా."

మచ్చ మాట వినగానే ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "ఎలా రాశావు?"

చెల్లెలు కాస్త గర్వంగానే చెప్పింది. ఆ షెడ్డులో పుట్టి పెరిగిన పిల్ల, రంగు వెయ్యడం ఆమెకు ఎవరో నేర్పాలా! ముందు గరుకు తువ్వాలుతో చర్మం బాగా రుద్దింది, పూత పట్టాలంటే రుద్దాలి కదా. ఒక పూత వేసి, ఆరాక మళ్ళీ రుద్ది, రెండో పూత వేసింది. రోజూ అంతే. పైగా అంచులు వదలకుండా రెప్ప వెంట్రుకల దాకా రాసింది. కారు తలుపుకు అంచు వదిలితే తుప్పు మొదలయ్యేది అక్కడే కదా!

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అంది వదిన ఏడవలేక నవ్వుతూ. "రెప్పలంటే రేకు తలుపులటే? అక్కడి చర్మం ఉల్లిపొర. రెప్పల మీద ఇది తగలనే కూడదు. కంటిగుంత చుట్టూ ఎముక తగులుతుంది చూడు, ఇక్కడ, దాని మీదే రాయాలి. అదీ ముందు మామూలు మాయిశ్చరైజరు రాసి, దాని మీద చిటికెన వేలి కొసతో పెసర గింజంత. రుద్దకూడదు, అద్దాలి. మొదట్లో వారానికి రెండు రాత్రులు చాలు. పగలు ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్ తప్పదు. మంట పుడితే మానెయ్యాలి, పూత మీద పూత వెయ్యడం కాదు. కడుపుతో ఉంటే ఆ ట్యూబు ముట్టుకోకూడదు. చర్మం డాక్టరమ్మ నా చేత రెండుసార్లు చెప్పించుకుని పంపింది."

"నీకా మచ్చ ఎలా వచ్చింది వదినా? తలుపు తగిలిందన్నావుగా?"

వదిన గుడ్డను మళ్ళీ నీళ్ళలో ముంచింది. సరిగ్గా అప్పుడే షెడ్డులోంచి కేక వినిపించింది.

మేస్త్రి చెల్లెలి మొగుణ్ణి చొక్కా పట్టుకుని లాక్కొచ్చాడు. అతను టైలరు, బక్కపలచటి మనిషి. కుట్టుమిషను ముందు నుంచి లేపినట్టున్నాడు, మెడలో టేపు ఇంకా వేలాడుతోంది. పెదవి అప్పటికే చిట్లింది. మేస్త్రి పొట్టలో గుద్దితే వంగిపోయాడు, వంగినవాణ్ణి మోకాలితో పొడిస్తే ముక్కులోంచి రక్తం బొటబొటా కారి తెల్ల చొక్కా తడిసిపోయింది. పెయింటరు కంప్రెసరు కట్టేసి గోడ పక్కకు తప్పుకున్నాడు. మధ్యకు వెళ్ళేంత మగతనం ఆ షెడ్డులో ఎవరికీ లేదు.

"బావగారూ, దేవుడి మీద ఒట్టు, నేను కొట్టలేదు!"

"ఏ చేత్తో కొట్టావురా?"

"నేను..."

"కత్తెర పట్టే చేత్తోనేగా?" అతని కుడి చెయ్యి లాగి, ఇనప ముక్కల్ని కదలకుండా బిగించే వైసు దవడల మధ్య పెట్టి పిడి తిప్పాడు. నాలుగు వేళ్ళూ ఒకదాని మీదికొకటి నొక్కుకుపోయాయి. టైలరు అరిచిన అరుపుకు వీధిలో మనుషులు ఆగారు. "నా చెల్లెలి మీద చెయ్యేస్తావా? ఇక ఈ జన్మలో సూదిలో దారం ఎక్కించవు నువ్వు!"

చెల్లెలు పరుగెత్తుకొచ్చి అన్న భుజం పట్టుకుంది. ఒక్క విదిలింపుకు వెళ్ళి పుట్టీ డబ్బాల మీద పడింది. మేస్త్రి పిడి ఇంకొంచెం తిప్పాడు. ఒక గోరు చీలి రక్తం చిమ్మింది.

వదిన గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇప్పుడు నోరు విప్పకపోతే ఆ వేళ్ళు పోతాయి, ఆ కొంపలో కూడు పోతుంది. విప్పితే ఇన్నేళ్ళు దాచుకున్న పరువు నలుగురిలో పోతుంది, రాత్రికి తన ఒళ్ళు హూనమవుతుంది. ఆమెకు భయం వేసింది. భయంతోనే వెళ్ళింది. కిందపడ్డ ఆడపడుచును లేపి, గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది.

"ఏమండీ, ఇటు చూడండి. సొట్ట చూసి చెప్తారుగా, ఇది చూసి చెప్పండి."

"లోపలికి పోవే!"

"రెండు కళ్ళూ ఒకేలా ఉన్నాయి. గుద్దితే ఇలా ఉండవు. కుడిచేతివాటం మనిషి ఎదురుగా నిలబడి కొడితే దెబ్బ ఎడమ కంటికి తగులుతుంది. ముందు ఈ ఎముక మీద వాస్తుంది. తెల్లారేసరికి నల్లబడుతుంది, తర్వాత పచ్చబడుతుంది, పసుపుగా మారి పోతుంది. పొట్టు లేవదు. ఇది పొట్టు లేస్తోంది. ఇది మంట, దెబ్బ కాదు. అన్నయ్యగారు దీన్ని కొట్టలేదు, వదలండి."

"నీకెలా తెలుసే ఇవన్నీ?"

నోరు ఆగే మనిషి కాదు కదా, అడిగేశాడు. అడిగాక గాని తెలియలేదు ఏం అడిగాడో. వీధిలో నిలబడ్డవాళ్ళు విన్నారు. పెయింటరు తల దించుకున్నాడు.

"మీకు తెలీదా?" అంది ఆమె.

మేస్త్రి ముఖం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. వైసు పిడి వదిలేసి చెయ్యెత్తాడు. ఎన్నోసార్లు ఎత్తిన చెయ్యే, దారి దానికి బాగా తెలుసు. వదిన అలవాటుగా తల పక్కకు తిప్పుకుంది. ఆ తల తిప్పడం చెల్లెలు చూసింది. ఒకటి రెండుసార్లు దెబ్బ తిన్న మనిషి అలా తిప్పుకోదని ఆమెకు ఒక్కసారిగా అర్థమైపోయింది.

"అన్నయ్యా, వద్దు!" అని మధ్యలోకి దూరింది.

చెయ్యి ఆగలేదు. పిడికిలి వచ్చి చెల్లెలి ఎడమ కంటి కింద ఎముక మీద పడింది. అప్పటికే ఉడికిపోయిన చర్మం చిట్లి, బుగ్గ మీదికి రక్తం జారింది. ఆమె రెండు చేతులతో ముఖం పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడింది.

మేస్త్రి తన చేతి వంక చూసుకున్నాడు. "అమ్మా... నేను... నిన్ను కాదురా తల్లీ..."

"నన్ను కొట్టబోయారు. తెలుసు" అంది భార్య. వైసు పిడి వెనక్కి తిప్పి టైలరు చెయ్యి విడిపించింది. నలిగిన వేళ్ళ చుట్టూ తన చీర కొంగు చింపి కట్టింది. మేస్త్రి ఒక అడుగు ముందుకు వేశాడు. అప్పటిదాకా గోడకు అతుక్కున్న పెయింటరు ఏమనుకున్నాడో, వచ్చి మధ్యలో నిలబడ్డాడు. మేస్త్రి ఆగిపోయాడు.

వదిన, చెల్లెలు, టైలరు ముగ్గురూ ఆటో ఎక్కారు. దారిలో టైలరు, "చెల్లెమ్మా, నా వేళ్ళు కదులుతున్నాయి" అని మళ్ళీ మళ్ళీ చెప్పాడు. తనకు తానే చెప్పుకుంటున్నట్టుంది.

ఆసుపత్రిలో కంటి డాక్టరమ్మ చెల్లెల్ని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, లైటు వేసి రెండు కళ్ళూ విప్పి చూసింది. చూపుకు ప్రమాదం లేదంది. ముఖానికి రాసేవి అన్నీ ఆపెయ్యమంది, రెప్పలకు పూయడానికి ఆయింట్‌మెంటు రాసింది.

"కుడి కంటిది క్రీము చేసిన పని. ఎడమ కంటి మీద మాత్రం దెబ్బ కూడా ఉంది. ఎవరు కొట్టారు?" అంటూ చేతికి కట్టుతో కూర్చున్న టైలరు వంక నిప్పులు కక్కేలా చూసింది.

"ఆయన కాదండీ" అంది చెల్లెలు. "మా అన్నయ్య."

డాక్టరమ్మ గుమ్మం దగ్గర నిలబడ్డ వదిన వైపు తిరిగింది. "మీరేమవుతారు?"

"వాళ్ళ అన్నయ్య భార్యనండీ."

డాక్టరమ్మ ఆమె కంటి కింద మచ్చను చూసింది. చెల్లెల్ని కుర్చీలోంచి దింపి, వదిన చెయ్యి పట్టుకుని అందులో కూర్చోబెట్టి, లైటు ఆమె ముఖం మీదికి తిప్పింది.