నూకమ్మ వేళ్ళు

పెళ్ళయి వచ్చిన నాటి నుంచి నూకమ్మ తన మొగుడి అన్నగారు సన్యాసి ఎదుటపడింది లేదు. కూలి కోసం మనుషులు సముద్రం దాటితే ఆచారం కూడా వాళ్ళతోపాటు ఓడెక్కి వచ్చేసింది. కొబ్బరితోటలో కూలీల వరసిళ్ళ లైనులో వాళ్ళకు ఉన్నదే ఒక గది, ఒక వసారా. అందులోనే చాటు, అందులోనే మర్యాద. నూకమ్మ బావగారికి కంచం పెట్టి, తలుపు వెనక్కి పోయి పిల్లితో చెప్పేది: "అన్నం సల్లారిపోతంది, సెప్పవే." సన్యాసి కూడా పిల్లికే "ఊఁ" కొట్టేవాడు. అంత పెద్దరికం మరే పిల్లికీ దక్కి ఉండదు.

ఒక వానపొద్దున కాయలు వొలుస్తూ సన్యాసి తడిపీచు మీద జారాడు. వొలవడానికి నేలలో పాతిన గునపం మొన మెడకు ఎడమపక్కన దిగింది. నెత్తురు చిమ్మింది. మగాళ్ళంతా కొయ్యబారిపోయారు. దూరంగా ముసుగేసుకుని కాయలు ఏరుతున్న నూకమ్మ గంప పడేసి వచ్చి, రెండు వేళ్ళు గాయంలో పెట్టి అదిమింది. నెత్తురు ఆగింది.

"నాను పట్టుకుంతాను, నువ్వు లెగు," అన్నాడు మొగుడు తాతబాబు, నలుగురి వైపూ చూస్తూ.

"తీస్తే పోతారు," అంది నూకమ్మ.

ఆమె వేళ్ళు తియ్యకుండానే ఆయన్ని పడవలో వేసుకుని, ఆస్పత్రి ఉన్న తెలుక్ ఆన్సన్ పట్నం చేరేసరికి పొద్దు వాలింది. ఆమె ముసుగు ఎప్పుడో జారిపోయింది. వేళ్ళు మొద్దుబారి తనవో కావో తెలియలేదు గానీ, వాటికింద ఆయన ప్రాణం కొట్టుకోవడం తెలుస్తూనే ఉంది. భయం వేసింది. "కదలకండి బావగోరూ," అంది. పిల్లి లేకుండా ఆయనతో అన్న మొదటి మాట అదే.

ఆస్పత్రిలో దొర డాక్టరు చెప్పింది తమిళ కంపౌండరు విప్పి చెప్పాడు. తెగింది మెదడుకు నెత్తురు మోసే పెద్ద నరం. కట్టేస్తే మనిషి బతకొచ్చు, మాటో చెయ్యో పోవచ్చు. తాతబాబు నూకమ్మ వైపు చూశాడు.

"కట్టీమనండి," అంది నూకమ్మ. "మనిషుంటే సాలు."

మనిషి మిగిలాడు. మాట, కుడిచెయ్యి పోయాయి. ఇంటికొచ్చాక నూకమ్మ మళ్ళీ తలుపు చాటుకు పోయింది. బావను తాకిందని లైనులో అమ్మలక్కలు అప్పటికే బుగ్గలు నొక్కుకుంటున్నారు. పెట్టిన కంచం పెట్టినట్టే తిరిగొచ్చేది. ఎడమచేత్తో తినడానికి సన్యాసికి నామోషీ. తమ్ముడు కలిపి పెడితే మరీ నామోషీ, గోడవైపు తిరిగి పడుకునేవాడు. గునపానికి చావని మనిషి నామోషీకి చచ్చేలా ఉన్నాడు.

ఒక సాయంత్రం నూకమ్మ "అన్నం సల్లారిపోతంది" అని పిల్లికి చెప్పి, అలవాటుగా "ఊఁ" కోసం ఆగింది. అది రాలేదు. ఇక రాదని అప్పుడు తట్టింది. ఏడుపొచ్చింది. వెంటనే కోపమూ వచ్చింది. తలుపు తోసుకుని వెళ్ళి ఆయన ఎదుట చతికిలబడి, అన్నంలో చారు కలిపి ముద్ద చేసింది.

"ఇటు తిరగండి బావగోరూ. మీ పేనం పొద్దల్లా నా సేతి యేళ్ళ కింద ఉంది. ఇంక సాటేటి?"

సన్యాసి మెల్లగా తిరిగి, కళ్ళెత్తకుండానే నోరు తెరిచాడు.

పిల్లి వచ్చి ఇద్దరి మధ్యా కూర్చుంది. దానితో ఎవరికీ పనిపడలేదు.