కొండ మీద కర్పూరం మూట

నేను ఒక కర్పూరం మూటను. పాత చీర చెంగులో గుప్పెడు బిళ్ళలు పోసి, దారంతో బిగించి, అనకాపల్లిలో నన్ను కట్టింది విశాలాక్షి గారు. కేదార్‌నాథ్ వెళ్లేవాళ్లలో చాలామంది నాలాంటి మూటను మెడలో వేసుకుంటారు. పైన గాలి పలచన, నన్ను పీలిస్తే ఊపిరి ఆడుతుందని నమ్మకం. ముక్కులో చల్లదనం పుట్టించడం తప్ప నాకేమీ చేతకాదు. అయినా పొగిడితే కాదనలేదు.

విశాలాక్షి గారు, ఆవిడ భర్త సోమయాజులు మాస్టారు హెలికాప్టర్‌లో పది నిమిషాల్లో పైకి వచ్చేశారు. కింద రెండు రోజులు ఆగి ఒంటికి ఎత్తు అలవాటు చేసుకోమని లాడ్జివాళ్లు చెప్పకపోలేదు. "శివుడు రమ్మంటే ఆగడమేమిటండీ?" అన్నారు మాస్టారు. ఆవిడేమో దర్శనమయ్యేదాకా మంచినీళ్లు కూడా ముట్టనంది.

వరుసలో నిలబడ్డ గంటకే ఆవిడకు తలపోటు, ఆపైన వాంతి.

"కిందికి పోదామండీ," అంది.

"ఇంతదూరం వచ్చి గుమ్మం ముందు వెనక్కి తిరుగుతామా? కర్పూరం పీల్చు," అని మాస్టారు నన్ను ఆవిడ ముక్కుకు అదిమారు.

చల్లగా తగిలాను. "కాస్త నయంగానే ఉంది," అంది. చెప్పడానికి సిగ్గేస్తోంది కానీ, ఆ మాటకు నేను పొంగిపోయాను. ఆ నయం చూసుకుని ఆవిణ్ణి ఇంకో మూడు గంటలు నిలబెట్టారు.

చివరికి అడుగులు తూలాయి. ఆవిడ కట్టుకున్న భర్తను చూసి, "అన్నయ్యా, బస్సొచ్చిందా?" అంది. మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. మళ్లీ నన్నే అందుకోబోయారు. వైద్య శిబిరం నుంచి పరుగెత్తుకొచ్చిన పలాస నర్సు ఆయన చెయ్యి పట్టి ఆపింది.

"కర్పూరమేటండీ బాబూ! గాలి చాలక జబ్బు బుర్రకెక్కీసింది. ఆక్సిజన్ పెడతాను, బేగి కిందికి దించీయండి. దర్శనం మళ్లీ దొరుకుతాది, మనిషి దొరకదు!"

హెలికాప్టర్‌లోనే దించారు. దిగాక ఆవిడకు మెల్లగా తెలివి వచ్చింది. సాయంత్రానికి, "ఏమండీ, మంచినీళ్లు," అని అడిగింది. మాస్టారు చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఇక నన్ను చెత్తబుట్టలో పారేస్తారని ఎదురుచూశాను. అదే నాకు తగిన శాస్తి.

మర్నాడు అదే లాడ్జి నుంచి తుని ఆవిడ సూరమ్మ గారు పైకి బయల్దేరుతున్నారు. మాస్టారు తన చేత్తో నన్ను ఆవిడ మెడలో వేశారు. "మా ఆవిణ్ణి బతికించింది ఇదేనమ్మా," అన్నారు. ఆక్సిజన్ మాట గానీ, నర్సు మాట గానీ ఎత్తలేదు.

"పొద్దున్నుంచీ తల దిమ్ముగానే ఉందండి," అంటూ సూరమ్మ గారు నన్ను గుండెలనిండా పీల్చి, "హమ్మయ్య, తేలికపడింది," అని హెలికాప్టర్ ఎక్కేశారు.

సిగ్గుతో అక్కడికక్కడే హరించుకుపోవాలనిపించింది. కానీ నేను హరించుకుపోయేకొద్దీ ఆవిడకు ఇంకా చల్లగా తగులుతున్నాను.