ఆకలికి పొగాకు

కాలువ తవ్వే చోట పొద్దు నడినెత్తికి వచ్చిందంటే కాటమయ్య మేస్త్రీ పొగాకు పంచేవాడు. తట్టలు కింద పెట్టి ఆడకూలీలు చేతులు చాచేవారు. అడగకుండానే ఇచ్చే మనిషిని ధర్మాత్ముడనే అనుకునేవారు. కొత్తకోట దగ్గరి పల్లె నుంచి మొగుడితో వలస వచ్చిన బాలనర్సమ్మ కూడా రోజూ ఇంత తుంచి, సున్నం రాసి, ఎడమ దవడలో పెట్టుకునేది.

“గిది పెట్టుకుంటే ఆకలే ఎర్కుండది,” అని నవ్వేది. పొద్దున తాగిన జొన్న గటకతోనే పొద్దుగూకేదాకా మన్ను మోసేది. ఆమె మిగిల్చిన రొట్టెను మొగుడు మైసయ్య తినేవాడు.

పంతొమ్మిది వందల ఎనభై ఏడో సంవత్సరం ఎండాకాలంలో ఆమె దవడ లోపల తెల్లటి మచ్చ లేచింది. నొప్పి లేదు. కొన్నాళ్లకు అదే పుండయింది. కారం తగిలితే కళ్లల్లో నీళ్లు తిరిగేవి.

“వేడి చేసింది, మజ్జిగ తాగు,” అన్నాడు మేస్త్రీ.

మందుల దుకాణంలో ఊదారంగు మందు పూసి పంపారు. పనికి నాగా పెడితే మళ్లీ పెట్టుకోరన్న భయంతో ఆమె బాధను దిగమింగింది. మెడ కింద గడ్డ కట్టి, నోరు తెరుచుకోక, గంజి కూడా దిగనప్పుడు గాని మైసయ్య ఆమెను పట్నం దవాఖానకు తీసుకుపోలేదు.

అక్కడ డాక్టర్ మంజులత గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. తర్వాత చేతి నుంచి రక్తం తీసింది. నెత్తురుతో పాటు రోగాన్నీ లాగేస్తున్నారనుకున్న మైసయ్యకు ప్రాణం లేచివచ్చింది.

“ఇంకింత తీయుర్రి డాక్టరమ్మా. సాలకుంటే నాది తీయుర్రి,” అని చెయ్యి చాచాడు.

ఆమె అతణ్ని బెంచీ మీద కూర్చోబెట్టింది. “ఇది మందు కాదు మైసయ్యా. రోగంతోని కొట్లాడే కణాలు మన నెత్తురులో ఉంటయి. వాటిని లెక్కపెట్టి, నోట్లో, గొంతులో వచ్చే గడ్డల్లో ఏది ఏ తీరుదో, ఏది వైద్యానికి లొంగుతదో పసిగట్టొచ్చా అని చూస్తున్నం. ఇంకా మాకే పూర్తిగా తెల్వదు.”

ఫలితాలు వచ్చాయి. గడ్డ క్యాన్సరేనని తేలింది. బాలనర్సమ్మ రక్తంలో ఆ కణాలు మరీ తక్కువగా ఉన్నాయి. ఆపరేషన్ చేసే దశ ఎప్పుడో దాటిపోయింది. గడ్డకు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. గడ్డ మెత్తబడ్డట్టే ఉండి మళ్లీ పెరిగింది. మైసయ్య పాలలో దూది ముంచి ఆమె పెదాలు తడిపేవాడు. మింగబోయి, మింగలేక ఆమె అతని వంకే చూసేది. ఏం చేయాలో తెలియక అతడు తల తిప్పుకునేవాడు.

“ఆకలైతాందయ్యా,” అంది ఒక పొద్దున, మాట సరిగా పెగలకుండానే. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నోట ఆ మాట వినడం అతనికి అదే మొదలు. ఆ మర్నాడే కన్ను మూసింది.

శవాన్ని అప్పగిస్తుంటే మైసయ్య డాక్టరమ్మను అడిగాడు. “గా కొట్లాడేటియి ఎట్ల తగ్గినయమ్మా? నా పెండ్లాం మస్తు గట్టి మనిషి.”

మంజులత అతని పక్కన కూర్చుంది. “పొగాకు పుండు తెచ్చింది. పస్తు ఆ పుండుతోని కొట్లాడే బలం తీసింది. మచ్చ లేచినప్పుడే వస్తే కోసి తీసేద్దుము.”

“నొప్పి లేకుండె గదమ్మా. మాకెవ్వలు చెప్పలే.”

“అవును, ఎవ్వరం చెప్పలే,” అందామె. “ఏ గడ్డ ఏ రకమో రేపు నెత్తురే చెప్తదేమో. నోట్లో మచ్చను నొప్పి లేదని వదిలెయ్యొద్దని, కూలి మనిషికి ఆకలైతే పొగాకు కాదు, అన్నం పెట్టాలని చెప్పనీకి మాత్రం ఏ పరీక్షా అక్కర్లేకుండె.”