ఆకుల చాటు గూడు

మా పెరట్లో నేను పేరు చెప్పలేని పిట్టగాని, సాలీడుగాని ఇంకా పుట్టలేదు. నా కెమెరాను చూడగానే పిట్టలు ఈకలు సర్దుకుని నిలబడతాయి. ఒక్క బుల్లిపిట్టే నాకు లొంగలేదు. నిమ్మచెట్టు ఆకులు కలిపి కుట్టి, లోపల మూడు పిల్లలను దాచుకుంది. మా వదిన రోజూ వంటింటి కిటికీలోంచి వాటిని చూసి మురిసిపోయేది.

అడ్డమొచ్చిన నాలుగు ఆకులను కత్తెరతో తీసేశాను. ఫొటో అద్దంలా వచ్చింది. ఫోన్‌లో పిట్టల గ్రూపులో పెడితే, ఎవరో పెద్దమనిషి అది దర్జీపిట్ట అని చెప్పాడు. నిజానికి అప్పుడే నాకూ తెలిసింది. "గూడు ఇంత బయటికి ఉందేమండీ?" అనీ అడిగాడు. గాలికి ఆకులు రాలాయని రాశాను. వదినకూ అదే చెప్పాను.

సాయంత్రానికి కాకి వచ్చి గూడు ఖాళీ చేసింది.

వదిన చెట్టు కింది ఆకులు ఏరి నా ముందు పెట్టింది.

"గాలి భలే కత్తిరించిందే మరిదీ! ఇంతకీ నీ ఫొటోకి లైకులెన్ని?"

"రెండొందల పది."

"పిల్లకి డెబ్బై అన్నమాట."

"ఒకటి తప్పించుకుని గోడ అవతలికి ఎగిరిపోయింది వదినా, నా కళ్లతో చూశాను" అన్నాను.

అప్పటినుంచి ఆమె ఆ గోడవైపే చూస్తోంది. ఈ కథలో నేను కల్పించింది ఆ పిల్ల ఒక్కదాన్నే.