పెట్టెకు ఏడిళ్ళు

విమానం ఎక్కే ప్రతివాళ్ళకీ "మీ సామాను పైన అరలో పెట్టుకోండి, లేకపోతే ముందు సీటు కింద పెట్టుకోండి" అని నవ్వుతూ చెప్పడం పెద్దక్క ఉద్యోగం. చెప్పీ చెప్పీ ఆ మాట నిద్రలో కూడా అంటోందని ఆమె భర్త నవ్వుతాడు. అటువంటి మనిషికి, కొత్త నియమం వచ్చినప్పటి నుంచి తన పెట్టె ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా పోయింది.

నియమం పైనుంచి వచ్చింది. పైనుంచి అంటే దేవుడి దగ్గర నుంచి కాదు, ఆఫీసు మేడ మీది నుంచి. రెండే వాక్యాలు. సిబ్బంది తమ సామానును ప్రయాణికుల అరలలో ఉంచరాదు. తగిన స్థలంలో ఉంచవలెను.

మొదటి వాక్యం అందరికీ అర్థమైంది. చిక్కంతా రెండోదానితోనే. చివరి వరస వెనక సందులో పెడదామంటే అది చక్రాల కుర్చీకి. బీరువాలో పెడదామంటే అది పైలట్ల కోట్లకు. టీ, కాఫీలు కలిపే ఇరుకు గదిలో నేల మీద పెడితే దారికి అడ్డం. పోనీ కింద సామాను గదిలో వేయిద్దామంటే, "టికెట్టు లేని మనిషి సామానుకు మేం చీటీ ఇవ్వం" అన్నారు కౌంటరు వాళ్ళు. దేవుడు లేని చోటు లేదని చిన్నప్పటి నుంచీ నమ్మిన పెద్దక్కకు, తగిన స్థలం అనేది మాత్రం ఎక్కడా లేదని ఈ వయసులో తెలిసొచ్చింది.

అందుకని సిబ్బంది తమ పద్ధతి తాము చూసుకున్నారు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు పెట్టెల్ని తిప్పేవాళ్ళు. తనిఖీ ముందు తలుపు దగ్గర ఉంటే పెట్టెలు వెనక ఉండేవి. తనిఖీ వెనక్కి నడిస్తే పెట్టెలు తువ్వాళ్ళ కిందా, దుప్పట్ల వెనకా ముందుకు నడిచేవి. ప్రయాణికుల భద్రత కోసం నేర్చుకున్న చురుకుదనమంతా పెట్టెల భద్రతకే ఖర్చయిపోయేది.

"అక్కా, నీ పిల్ల ఇప్పుడెవరింట్లో ఉంది?" అని అడిగేది వసపిట్ట. అందరిలోకీ చిన్నదైన ఆ అమ్మాయికి ఆ పేరు పెట్టింది పెద్దక్కే. నోరు మూతపడదు గానీ మనసు మంచిది.

తనిఖీ అధికారిని అందరూ టేపు సార్ అనేవాళ్ళు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ జేబులో కొలత టేపుతో ఉంటాడు. ఆయన ఇప్పటికే రెండుసార్లు పెద్దక్క పెట్టెను పట్టుకున్నాడు. మూడోసారి దొరికితే మర్నాటి నుంచే వారం రోజులు వేరే ఊళ్ళో శిక్షణకు పోవాలి. పెట్టె ఎలా పెట్టాలో నేర్పుతారట. అక్కడికి పెట్టె తెచ్చుకోవాలని కూడా రాశారు.

వేరే రోజైతే ఆమె పెద్దగా పట్టించుకునేది కాదు. కానీ ఆ రోజు గడిస్తే మర్నాడు పొద్దునే అత్తగారికి కంటి ఆపరేషను. ఆవిడ ఒకటే పట్టు.

"నువ్వు పక్కన లేకపోతే నేను ఆ గదిలోకి అడుగు పెట్టనమ్మాయ్."

"మీ అబ్బాయి ఉంటారు కదా అత్తయ్యా."

"వాడా? సూది చూస్తే నాకంటే ముందు వాడే పడిపోతాడు. నన్ను వదిలేసి డాక్టర్లంతా వాడి ముఖాన నీళ్ళు కొట్టుకుంటారు."

ఆపరేషనుకు ముందు రోజు సాయంత్రం నుంచి కంట్లో వేయాల్సిన చుక్కల మందు తమ ఊళ్ళో దొరకలేదు. పెద్దక్క విమానం దిగిన ఊళ్ళో దుకాణాలన్నీ గాలించి కొన్నది. ఆ మందూ, అత్తగారి పాత రిపోర్టులూ ఆ నల్ల పెట్టెలోనే ఉన్నాయి. ఆ రోజు పొద్దున ఇంట్లో దేవుడి ముందు దీపం పెట్టి ఆమె అడిగింది ఒకటే. స్వామీ, సాయంత్రానికి నన్నూ నా పెట్టెనూ ఇంటికి చేర్చు.

ఆ మధ్యాహ్నం ఇంటివైపు వెళ్ళే విమానంలోకి ప్రయాణికులతో పాటు టేపు సార్ కూడా ఎక్కాడు.

వసపిట్ట వెనక గదిలోకి రొప్పుతూ వచ్చింది. "అక్కా! కొంప మునిగింది. వెనక నుంచి మొదలుపెడతాడట. పిల్లని ఎక్కడ దాద్దాం?"

"ముందుకి తీసుకెళ్ళు."

"దారినిండా జనం. తల దూర్చే సందు లేదు."

పెట్టె అప్పటికి చివరి వరస మీది అరలో ఉంది. ఆ వరసలో కిటికీ పక్కన ఒక మామ్మగారు కూర్చుని ఉన్నారు. ఒళ్ళో చిన్న గుడ్డసంచి తప్ప ఆవిడకు వేరే సామాను లేదు. గదికీ ఆవిడకూ మధ్య ఉన్నది ఒక పల్చటి తెర.

"దొరికితే దొరికానులే. నాదేనని చెప్పేస్తాను. అబద్ధమాడి అత్తయ్య పక్కన కూర్చుంటే ఆ కన్ను బాగవుతుందా?" అంది పెద్దక్క.

"నిజం చెప్పి శిక్షణకు పోతే మాత్రం బాగవుతుందా? చుక్కలు నువ్వొచ్చి వేస్తావా, ఫోన్లో వేస్తావా?"

పెద్దక్క ఇక ఆగలేదు. తెర తొలగించుకుని బయటికి వచ్చేసరికి టేపు సార్ అర తలుపు ఎత్తి ఉన్నాడు.

"ఈ పెట్టె ఎవరిది?"

పెద్దక్క నోరు తెరిచింది. మాట ఇంకా పెదవి దాటలేదు.

"నాదే నాయనా. ఏం, నీకేమైనా అడ్డమొచ్చిందా?" అన్నారు మామ్మగారు.

టేపు సార్ పెట్టెను చూశాడు, మామ్మగారిని చూశాడు. "దీని మీద మా కంపెనీ బొమ్మ ఉందే?"

"ఉంటే? మీ బొమ్మ ఈ సీటు మీదా ఉంది, మీవాళ్ళిచ్చిన నీళ్ళ గ్లాసు మీదా ఉంది. అవన్నీ నీ సామానేనా?"

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. టేపు సార్ టేపు తీసి పెట్టెను పొడవూ వెడల్పూ కొలిచాడు. ప్రయాణికుల కొలతకు సరిగ్గా సరిపోయింది. మామ్మగారి టికెట్టుకు అరలో చోటు ఉంది. అదే పెట్టె, అదే అర, అదే బరువు. ఇంతవరకూ నేరమైనది ఇప్పుడు సేవ అయింది. ఆయన తలుపు మెల్లగా మూసి, "చక్కగా పెట్టారు" అని పెద్దక్కను మెచ్చుకున్నాడు కూడా.

పెద్దక్క తెరిచిన నోరు మూసుకుంది. దారంతా ఆమెను ఒకటే ప్రశ్న తొలిచింది. నోరు తెరిచి ఆడితేనే అబద్ధమా, నోరు మూసుకుని ఆడితే కాదా? మామ్మగారికి కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆవిడ కన్ను గీటి, "నాకు చక్కెర ఎక్కువ వెయ్యమ్మా. బరువు మోస్తున్నాను కదా" అన్నారు.

అసలు బరువు విమానం దిగాక తెలిసింది. ప్రయాణికులు లేచారు. మామ్మగారు కావాలని అందరికంటే వెనక ఆగారు. టేపు సార్ కూడా ఆగాడు.

"పెద్దవారు, అంత పెట్టె మీరెక్కడ మోస్తారు? ఉండండి, నేను దించుతాను."

"వద్దులే నాయనా, ఈ అమ్మాయి చూసుకుంటుంది."

"ప్రయాణికుల సామాను ప్రయాణికుల వెంటే పోవాలి. అదీ నియమమే."

పెద్దక్క కళ్ళముందే ఆమె పెట్టె, అత్తగారి కంటి చుక్కలతో సహా, టేపు సార్ చేతిలో మెట్లు దిగి వెళ్ళిపోయింది. వెంట పరిగెత్తడానికి లేదు. విమానం ఖాళీ అయ్యాక ప్రతి సీటూ, ప్రతి అరా వెతికి, ఎవరి వస్తువూ మిగల్లేదని ఆమె సంతకం పెట్టాలి. వెతికింది. ఎవరిదీ ఏదీ మిగల్లేదు. తనది కూడా.

"ఆవిడ కారెక్కి వెళ్ళిపోతే?" అంది వసపిట్ట.

"నీ నోట మంచి మాటే రాదా!"

బయటి హాల్లోకి ఇద్దరూ ఉరుకులు పరుగుల మీద వచ్చేసరికి మామ్మగారు ఒక బెంచీ మీద తాపీగా కూర్చుని ఉన్నారు. పక్కన పెట్టె. ఆ పక్కన టేపు సార్, కాపలా సిపాయిలా.

"రా తల్లీ! మా అల్లుడి కారు వచ్చి చాలాసేపయింది. ఈ నాయన నన్ను ఒంటరిగా వదలనంటాడు. వదిలితే గానీ నేను కదలనంటాను. ఇద్దరం చెరో పట్టు పట్టి కూర్చున్నాం."

పెద్దక్క బెంచీకి రెండడుగుల దూరంలో ఆగిపోయింది. ప్రయాణికుల దగ్గర నుంచి సిబ్బంది గుడ్డముక్క కూడా తీసుకోకూడదని వేరే నియమం. తన పెట్టె తాను ముట్టుకుంటే దొంగతనం. తనదని చెబితే శిక్షణ. ఇక లాభం లేదనుకుంది. కళ్ళు మూసుకుని ఇంటి దీపాన్ని ఒకసారి తలుచుకుంది.

"సార్, ఆ పెట్టె..."

"ఒక్క నిమిషం," అన్నాడు టేపు సార్. మామ్మగారి వైపు తిరిగాడు. "మీ పెట్టె ఎక్కడ పెట్టమంటారో చెప్పండి. పెట్టేసి నేనూ ఇంటికి పోతాను."

"అదిగో, ఆ అమ్మాయి పక్కన పెట్టు నాయనా. అదే దానికి తగిన చోటు."

టేపు సార్ పెట్టెను లాక్కొచ్చి పెద్దక్క కాళ్ళ దగ్గర నిలబెట్టాడు. పిడికి వేలాడుతున్న చీటీ ఇటు తిరిగి ఉంది. దాని మీద ఆమె పేరు ఉంది. ఆయన దాన్ని అటు తిప్పాడు. మామ్మగారు గుడ్డసంచి ఊపుకుంటూ కారు వైపు నడిచారు.

"రిపోర్టులో ఏం రాశారు సార్?" అని అడిగింది వసపిట్ట. అడక్కుండా ఉండలేదు కదా.

"ఉన్నదే రాశాను. సిబ్బంది సామాను ఎక్కడా కనబడలేదు అని." ఆయన ముఖంలో నవ్వు లేదు, కోపమూ లేదు. "పైవాళ్ళు చాలా సంతోషిస్తారు. నియమం బాగా పనిచేస్తోందని వచ్చే నెల నుంచి అన్ని విమానాల్లోనూ పెడతారు."

ఇంటికి చేరేసరికి అత్తగారు గుమ్మంలోనే కుర్చీ వేసుకుని ఉన్నారు. కాళ్ళ దగ్గర ఆసుపత్రికి సర్దుకున్న సంచి. పెద్దక్క చేతులు కడుక్కొచ్చి, ఆవిడ తల వెనక్కి వంచి చుక్కలు వేసింది. జరిగింది చెప్పింది, ఏదీ దాచకుండా.

అత్తగారు కన్ను మూసుకునే అంతా విన్నారు. అబద్ధమంటే అగ్గి మీద గుగ్గిలమయ్యే మనిషి, ఈసారి మాత్రం చేతులు జోడించారు.

"ఆ మామ్మ ఎవరో, చల్లగా ఉండాలి," అన్నారు. కాళ్ళ దగ్గరి సంచిని తడిమి, "అమ్మాయ్, ఆసుపత్రిలో మంచం దగ్గర రోగి సంచి ఉంచనివ్వరట. పక్కన ఉండేవాళ్ళదైతేనే ఉంచనిస్తారట. నా సంచి ఎక్కడ పెడదామంటావ్?" అని అడిగారు.

"అడిగితే నాదని చెబుతాను అత్తయ్యా."

"చెప్పు చెప్పు," అన్నారు అత్తగారు. "నేను కళ్ళు మూసుకునే ఉంటానుగా."