నీళ్లు చల్లారేదాకా

1954 ఏప్రిల్ పదమూడున పొద్దున్నే కృపమణి తిన్నది సద్దరొట్టె, ఉల్లిగడ్డ కారం. అదీ సగమే. మిగతా సగం చేతిలో ఉండగానే ఈరప్ప వాకిట్లోకి వచ్చాడు.

"నా పెండ్లాం గిడ్డమ్మకు నొప్పులొస్తాండాయమ్మా. మంత్రసాని హంపమ్మ నిన్ను పిల్సుకోని రమ్మనె."

కోసిగి పక్కనున్న ఆ పల్లెలో ఆమె దిగింది ఈ కబురు కోసమే. చేతులు కడుక్కుని అతని వెంట బయలుదేరింది. గోడ వెంబడి ఉన్న కాస్త నీడను ఆమెకు వదిలి, ఈరప్ప ఎండలో నడిచాడు.

కృపమణి కర్నూలు నర్సుల బడిలో పాఠాలు చెబుతుంది. యాభై దాటిన మనిషి. సన్నని మెడ, మందునీళ్లకు పగిలిన వేళ్లు. పుట్టిన పిల్లలు వారం తిరక్కుండానే దవడలు బిగిసి ఎందుకు చనిపోతున్నారని ఆమె ఏళ్ల తరబడి పల్లెలు తిరిగింది. బొడ్డు కోసే కొడవలి, బొడ్డుకు పూసే పేడ ధనుర్వాతం తెస్తున్నాయని నర్సుల పత్రికలో రాసింది. ఆ వ్యాసం మద్రాసులోనూ పాఠమైంది. కొత్త బ్లేడు తెచ్చి, మరిగే నీళ్లలో ఉడికించి కోయమని జిల్లాలోని మంత్రసానులకు ఆమే నేర్పింది. అయినా వాళ్ల చేతుల్లో పిల్లలు పోతూనే ఉన్నారు. పిలిచి అడిగితే పాఠం పొల్లుపోకుండా అప్పజెప్పేవాళ్లు. తప్పు ఎక్కడుందో కళ్లతో చూడాలి. తను నోరు విప్పితే హంపమ్మ ఈ ఒక్క పూటకు జాగ్రత్త పడుతుంది, రేపు మళ్లీ మామూలే. అందుకే ఏం చూసినా మాట్లాడకూడదని నిశ్చయించుకుంది.

గదిలో పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. మూలన, నేల అలకడానికి తెచ్చిన పచ్చి ఆవుపేడ ముద్ద ఉంది. కృపమణి గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఏం నర్సమ్మా, కొత్తకోడలు గూడా ఇంత మూగగా కూసోదు. నీ పాఠంలో ఒక్క మాట తప్పితే అప్పుడు తిట్టు" అంది హంపమ్మ, గిడ్డమ్మ నడుము రాస్తూ.

నొప్పుల మధ్యే గిడ్డమ్మ నవ్వబోయింది.

ఎండ గడప దాటేసరికి ఆడపిల్ల పుట్టి ఏడ్చింది. హంపమ్మ చేతులు సబ్బుతో కడిగింది. ఉడికిన దారంతో బొడ్డుపేగును రెండుచోట్ల కట్టింది. బ్లేడు ఉడికిన గిన్నె వంచి నీళ్లు పారబోసింది. అంతవరకు అంతా పాఠంలో ఉన్నట్టే జరిగింది. బ్లేడు వేళ్లకు తగలగానే "అబ్బా" అని విదిలించి, దాన్ని పేడముద్దలో గుచ్చింది. సుయ్ మంది. బయటికి తీసి కొంగుతో తుడిచింది.

కృపమణి వెతుకుతూ వచ్చినది కళ్లముందే ఉంది. ఇక మాట్లాడవచ్చు. బ్లేడు పేగు మీదికి వంగింది. ఆమె ముందుకు దూకి హంపమ్మ మణికట్టు పట్టుకుంది.

"ఏమమ్మా! ఏం తప్పు సేస్తి?"

"పేడలో ఎందుకు పెట్టినావు?"

"కాలే ఇనుము పసిదానికి తగిలితే బతుకుతాదా? ఆవుపేడ సలువ. బొడ్డుకు పూయద్దంటివి, పూయలేదు. బ్లేడుకు వద్దని యాడ సెప్తివి?"

బడిలో బ్లేడును పట్టకారుతో తీస్తారు. కాలడం అన్న మాటే రాదు. ఏ పల్లెలోనూ పట్టకారు లేదు. పాఠం రాసినప్పుడు ఆ సంగతి కృపమణికి తోచనే లేదు.

"చెప్పలేదు హంపమ్మా. తప్పు నాదే. ఇంకో బ్లేడు ఉడకబెట్టు. గిన్నె దించి, మూతపెట్టి, ఆ నీళ్లల్లోనే చల్లారనీ."

"అంతసేపు పేగు కోయకుండా పెడితే బిడ్డ పానం మాయలోకి పోతాదంటారు!" గిడ్డమ్మ అత్త హనుమంతమ్మ అడ్డుపడింది.

"పోదు. నేను ఈడనే ఉంటా."

కాసేపటికి బిడ్డ వెనకే మాయ కూడా బయటపడింది. పేగు తెగని బిడ్డను తల్లి పొట్ట మీద పడుకోబెట్టారు. గిన్నె మూత మీద అందరి చూపూ. హనుమంతమ్మ మాటిమాటికీ బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. మధ్యలో ఎవరూ అడక్కుండానే లేచి, కృపమణికి చెంబుడు మజ్జిగ తెచ్చిచ్చింది. చివరికి హంపమ్మ మళ్లీ చేతులు కడిగి, నీళ్లలో వేలు ముంచి, "సల్లగైనాయి" అంది. పేగు కోసింది.

వారం గడిచేదాకా కృపమణి ఆ పల్లె వదల్లేదు. రోజూ బిడ్డ దవడ తడిమి, పాలు తాగడం చూసి, అప్పుడు అన్నం తినేది. ఎనిమిదో నాడు బిడ్డ రొమ్ము పట్టి లాగుతుంటే గిడ్డమ్మ "అమ్మా, కొరుకుతాండాది" అని అరిచింది. కృపమణి గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఆ ఏడాది పాఠంలో ఒక వాక్యం చేరింది: ఉడికిన నీళ్లలోనే చల్లారనివ్వాలి. కడపలో, బద్వేలులో, మద్రాసులో ఆ వాక్యాన్ని నర్సు విద్యార్థినులు కంఠస్థం చేశారు. రాసిందెవరో వాళ్లకు తెలియదు.

1958లో ఒక సాయంత్రం, కడపలో మంత్రసానులకు పాఠం ముగించి, కృపమణి కుర్చీలో కూర్చునే కన్నుమూసింది. ఆమెను తీసుకెళ్లాక, తోటి టీచరు రామేశ్వరమ్మ గదిలో దీపం తగ్గించి, చప్పుడు కాకుండా తలుపు మూసింది. లోపల బల్ల మీద, పాఠం కోసం కుట్టిన గుడ్డపాపాయి ఉంది. దాని బొడ్డుకు రేపటి తరగతి కోసం కొత్తగా కుట్టిన పేగు, ఇంకా కోయనిది.