తిరగేసి చూడండి

చేనేత దినోత్సవం నాటి ఉదయం. లక్ష్మీనర్సమ్మ ఇంకా మగ్గం గుంటలోకి దిగలేదు. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, అరుగు మీద పేపర్ కోసం కాచుకుని ఉంది. ఈమధ్యనే కొడుకు శ్రవణ్ ఆమెను మగ్గం మీద కూర్చోబెట్టి ఫొటో తీశాడు. ఎందుకురా అంటే, "పేపర్ల ఏస్తరమ్మా" అన్నాడు. నల్లగొండ జిల్లాలోని ఆ నేత వీధిలో పేపర్‌కెక్కిన ఆడమనిషి ఇంతవరకూ లేదు. ఆమె మురిసిపోయిందంటే తప్పేముంది?

శ్రవణ్ మండల విలేకరి. ఆ ఉద్యోగం ఎలాంటిదో చాలామంది పాఠకులకు తెలియదు. జీతం ఉండదు. వార్తకు ఇచ్చేది పెట్రోలుకు చాలదు. పండుగకో, జెండా పండుగకో ప్రకటనలు తెస్తే కమీషన్ ఇస్తారు, తేకపోతే మండలం ఇంకొకరికి ఇస్తారు. ఎవరి తప్పులు రాయాలో వాళ్ల గడపకే ప్రకటన కోసం చేయి చాచి పోవాలి. ఈ పద్ధతి పెట్టిన పెద్దమనుషులే సభల్లో పత్రికా స్వేచ్ఛ గురించి గొంతు చించుకుంటారు!

పేపర్ వచ్చింది. జిల్లా పేజీల్లో మొదటి పేజీ నిండా లక్ష్మీనర్సమ్మే. మగ్గం, చేతిలో పోగు దూర్చే నాడె, ముఖాన నవ్వు. ఆమెకు చదువు రాదు. పేపర్ పట్టుకుని, ఆ వీధి నేతగాళ్లలో పెద్దవాడైన సాయిలు ఇంటికి నడిచింది.

"సాయిలన్నా, జర సదివి చెప్పు. నా గురించి ఏం రాసిన్రు?"

సాయిలు చదివాడు. ముఖం మాడిపోయింది.

"నీ గురించి ఏం రాయలే చెల్లె. 'అచ్చమైన చేనేత మా దగ్గరనే' అని రాసిన్రు. నల్లగొండ గడియారం కాడి షోరూమోళ్ల అడ్వటేజు గిది."

ఆ షోరూం సంగతి వీధిలో తెలియనిదెవరికి? మరమగ్గం గుడ్డ మీద చిటికి అనే ఇక్కత్ డిజైన్ అచ్చు కొట్టి, చేనేత పేరు చెప్పి అమ్ముతున్నారు. దాన్ని కనిపెట్టడం బ్రహ్మవిద్య కాదు. దారానికే రంగద్ది నేసిన చీర రెండు వైపులా ఒక్క తీరుగా ఉంటుంది. అచ్చు కొట్టినది తిరగేస్తే వెలవెలబోతుంది. సగం ధరకు ఆ చీరలు దిగినప్పటి నుంచి వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. సాయిలు మగ్గం కూడా ఆగింది. అందుకే అందరూ కలిసి శ్రవణ్ దగ్గరికి వచ్చి, "నువ్వు మనోడివి బిడ్డా, నువ్వే రాయాలె" అన్నారు. అతడు షోరూంకు పోయి, చీర తిరగేసి ఫొటో తీసి, వార్త పంపాడు కూడా. ఆ వార్త కోసం వీధి వీధంతా రోజూ పేపర్ వెతుకుతోంది.

"వార్త రాలే. నీ బొమ్మ వచ్చింది. ఎంత ముట్టింది చెల్లె?" అన్నాడు సాయిలు.

నడివీధిలో చెంప మీద కొట్టినా ఆమెకు అంత నొప్పి కలిగేది కాదు. ఇంటికి వచ్చి, కొడుకు ముందు పేపర్ పడేసింది. శ్రవణ్ తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నాడు.

"నా వార్త ఆపిన్రమ్మా. వాళ్లు ఫుల్ పేజీ ఇచ్చిన్రట. మగ్గం నేసే ఆడమనిషి ఫొటో కావాలె, పంపకుంటే నీ మండలం ఇంకొకనికి ఇస్తమని ప్రకటనల ఇన్‌ఛార్జి హనుమంతు సార్ బెదిరించిండు."

"అందుకని నన్ను పంపినవా?"

ఆమె ఏడవలేదు. పేపర్ మడిచి చంకన పెట్టుకుని నల్లగొండ బస్సెక్కింది. శ్రవణ్ బండి మీద వెంటపడ్డాడు.

షోరూం ముందు మేడంత ఫ్లెక్సీ. అందులోనూ ఆమే నవ్వుతోంది. శ్రావణమాసం గిరాకీ, లోపల కాలు పెట్టే జాగా లేదు. సేల్స్ పిల్లలు ఆమెను గుర్తుపట్టి కుర్చీ వేశారు. కొందరు సెల్ఫీలకు ఎగబడ్డారు. ఆమె కూర్చోలేదు. బల్ల మీది చీర అందుకుని తిరగేసి పట్టుకుంది.

"ఈ ముఖం నాది. ఈ చీర నాది గాదు. నేనే గాదు, ఏ నేతోడు నేసింది గాదు. మీరు గూడ తిరగేసి చూడుర్రి."

మేనేజర్ హనుమంతుకు ఫోన్ కొట్టి, గార్డుకు సైగ చేశాడు. గార్డు ఆమె రెక్క పట్టుకున్నాడు. అంతలో గుమ్మంలో ఉన్న శ్రవణ్ ఫోన్ మోగింది. హనుమంతు.

"మీ అమ్మను తోలుకపోతవా, నీ ఐడీ కార్డు పంపుతవా? ఇప్పుడే చెప్పు."

ఊళ్లో అతన్ని నలుగురు నమస్తే అన్నా అని పలకరించేది ఆ కార్డు వల్లనే. గార్డు గుంజుతుంటే తల్లి చెప్పు జారిపోయింది. ఆమె కొడుకు వైపు చూడను కూడా చూడలేదు. ఆ చూడకపోవడమే అతన్ని కోసింది.

"కార్డు పంపుత సార్" అని ఫోన్ పెట్టేశాడు. జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "చెయ్యి తియ్యన్నా, ఆమె మా అమ్మ!"

తర్వాత అందరికీ వినబడేలా చెప్పాడు. "నేను పేపరోన్ని. ఈ చీరల మీద వార్త రాసిన. ఈ అడ్వటేజు కోసం దాన్ని ఆపిన్రు. మా అమ్మకు చెప్పకుంట ఆమె ఫొటో నేనే ఇచ్చిన. తప్పు నాది."

ఒకామె తన చేతిలోని చీర తిరగేసింది. ఆమె పక్కనామె కూడా తిరగేసింది. చూస్తుండగానే బల్లలన్నిటి మీదా చీరలు వెలవెలబోయి కనబడ్డాయి. "పేపర్ల చూసి నమ్మి వచ్చినమమ్మా" అంటూ జనం మెట్లు దిగారు.

మర్నాడు సాయిలు పేపర్ పట్టుకుని వచ్చాడు. అన్ని పేజీలూ వెతికాడు. షోరూం గొడవ గురించి ఒక్క ముక్క లేదు. శ్రవణ్ పేరుండే చోట ఇంకొకరి పేరుంది. శ్రవణ్ మాత్రం ఇంట్లో తల్లి మగ్గానికి నూలు కండెలు చుడుతున్నాడు.

"నిన్న నోరు జారిన చెల్లె, మనసుల పెట్టుకోకు" అన్నాడు సాయిలు. "ఇంత జరిగినా గీళ్లు రాయలే చూసినవా?"

లక్ష్మీనర్సమ్మ మగ్గం గుంటలోకి దిగుతూ అంది.

"ఎట్ల రాస్తరన్నా? పైసలిచ్చినోని మాట అచ్చయ్యే కాడ పైసల్లేనోని గోస అచ్చుగాదు. చీర తిరగేసి చూసినట్టే, వార్త గూడ తిరగేసి చూడాలె. దాని ఎనుక ఎవని అడ్వటేజు ఉన్నదో చదివేటోళ్లే అడగాలె."